ట్యాంకర్ లైటుకు చార్జిమెమో

మా రాళ్ళవంక మునిసిపాలిటీలో ఇరవయ్యారేళ్ళుగా సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. ఇన్నేళ్ళలో ఒక్క ఉద్యోగి అయినా తన తప్పు తానే ఒప్పుకోగా నేను చూడలేదు. అందుకే ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున, కొత్త నీళ్ళ ట్యాంకర్ తనలో లోపం ఉందని తనంతట తానే ప్రకటించుకున్నప్పుడు ఆఫీసంతా కలవరపడింది.

కబురు తెచ్చినవాడు డ్రైవర్ కుళ్ళాయప్ప. అవుట్‌సోర్సింగ్ మనిషి. ఏటా జూన్‌లో రెన్యువల్ అయితే ఉంటాడు, లేకపోతే లేడు. నా బల్ల ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, బండిలో యూరియా లైటు వెలగతాండాది."

యూరియా అంటే పొలాలకు చల్లేదే కదా, బండికి దానితో ఏం పని అని నేనూ అడిగాను. అతను ఓపిగ్గా చెప్పాడు. ఇప్పటి డీజిల్ బండ్లకు రెండు ట్యాంకులట. నల్ల మూతది డీజిల్‌కు. నీలం మూత ఉన్న చిన్నదాంట్లో యూరియా కలిపిన నీళ్ళు పోస్తారు. అవి పొగగొట్టంలోకి వెళ్ళి పొగలో విషాన్ని విరిచేస్తాయి. ఆ నీళ్ళు తగ్గినా, చెడినా లోపలి సెన్సార్ కనిపెట్టి డ్రైవర్ కళ్ళెదుట ఒక పసుపుపచ్చ లైటు వెలిగిస్తుంది. అప్పటికీ పట్టించుకోకపోతే ఇంజను బలం తగ్గించేసి, స్పీడు ఇరవై దాటనివ్వదు.

"లోపల నీళ్ళు చెడినాయి సార్. ట్యాంకు దించి వంచేసి, శుభ్రంగా కడిగి, కొత్త క్యాను పోస్తే సరిపోతాది. అర్ధగంట పని."

అర్ధగంటలో అయిపోయే పని మా ఆఫీసులో ఇంతవరకూ జరగలేదు. జరిగితే ఫైలులో ఏ పేజీకి ఏ తేదీ వెయ్యాలో కూడా మాకు తెలియదు. ముందు ఒక ఫైలు తెరిచి, దానికి నంబరు వేసి, కుళ్ళాయప్పను వెంటబెట్టుకుని మేనేజర్ పద్మనాభయ్య గారి దగ్గరికి వెళ్ళాను.

పద్మనాభయ్య గారికి సర్క్యులర్లంటే ప్రాణం. భోజనం డబ్బా కంటే ముందు సర్క్యులర్ల బైండు తెరిచే మనిషి. మేం చెప్పిందంతా విని, కళ్ళజోడు సర్దుకుని, పోయినేడాది వచ్చిన ఒక సర్క్యులర్ తీశారు. అంతకుముందు ఏదో సర్వే కంపెనీ వాళ్ళు, మా లెక్కల్లో ఉన్న కుళాయిల్లో సగం ఊళ్ళో లేవని నివేదిక ఇచ్చిపోయారు. అలాంటి అఘాయిత్యం మళ్ళీ జరగకూడదని పైవాళ్ళు ఆ సర్క్యులర్ పంపారు. కార్యాలయ వ్యవహారములపై నివేదిక సమర్పించు ప్రతి ఒక్కటియు ఉద్యోగుల క్రమశిక్షణా నియమావళికి లోబడి ఉండవలెనని అందులో ఉంది.

"సదరు సెన్సార్ నివేదిక సమర్పించినదా, లేదా?" అని అడిగారు మేనేజర్ గారు.

"లైటు వెలిగింది సార్."

"అదియే నివేదిక. ఎవరి ద్వారా సమర్పించినది?"

"నేరుగా డ్రైవర్‌కే సార్."

"అనగా ప్రాపర్ ఛానల్ ద్వారా కాదు." ఆయన పెన్ను మూత తీశారు. "వేగము కూడా తగ్గించినదంటివి. అనగా నెమ్మదిగా పనిచేయుట ద్వారా నిరసన తెలుపుచున్నది. ముందస్తుగా సమ్మె నోటీసు ఏమైనా ఇచ్చినదా?"

ఇవ్వలేదని ఒప్పుకోక తప్పలేదు.

"సార్, అది సమ్మె కాదు సార్," అన్నాడు కుళ్ళాయప్ప. "అంత లోడుతో సున్నపుగుట్ట ఎక్కల్యాక పోతాంది. గుట్ట మీద ఎనభై ఇండ్లుండాయి. పైపులైను లేదు. రెండు ట్రిప్పులు నేను తోలితేనే వాళ్ళకు నీళ్ళు."

"తద్వారా ప్రజలకు అసౌకర్యము. మూడవ అభియోగము," అని రాసుకున్నారు మేనేజర్ గారు.

సెన్సార్ మీద చర్య తీసుకోవడానికి కమిషనర్ గారి అనుమతి కావాలి. ఆ ట్యాంకర్‌ను మార్చి నెలలో స్వయంగా ప్రారంభించింది ఆయనే. "ఇది వాహనం కాదు, మన కుటుంబంలో చేరిన కొత్త ఉద్యోగి" అని ఆ రోజు మైకులో చెప్పారు కూడా. ఆ సందర్భంలో తీసిన ఫోటో తలుపంత సైజులో ఆయన గది గోడకు వేలాడుతూ ఉంటుంది. కమిషనర్ గారు చిరునవ్వుతో ట్యాంకర్ పక్కన నిలబడి, పగలగొట్టిన కొబ్బరికాయ చేతిలో పట్టుకుని ఉంటారు. వెనకాల బ్యాండు మేళం, ఒక పక్క బిందెలతో సున్నపుగుట్ట ఆడవాళ్ళు, ఇంకో పక్క ముందుకు చెయ్యి చాచిన కుళ్ళాయప్ప. ప్రసాదం కోసం చాచాడని మేమందరం అనుకునేవాళ్ళం.

కమిషనర్ గారు ఫైలు చూసి ఒక్క నిమిషం ఆ ఫోటో వైపు బాధగా చూశారు. "నా చేతుల మీదుగా ఉద్యోగంలో చేరినదైనను ఉపేక్షించవలదు. నియమావళి ముందు అందరును సమానులే," అని సంతకం పెట్టేశారు.

చార్జిమెమో నేనే రాశాను. చెప్పుకోకూడదు గానీ నా సర్వీసులో అంత బాగా కుదిరిన డ్రాఫ్టు ఇంకోటి లేదు. దాన్ని పట్టుకెళ్ళి ట్యాంకర్ డాష్‌బోర్డు మీద, సరిగ్గా ఆ లైటు పక్కనే జిగురుతో అంటించాను. అందినట్టు సంతకం కావాలి కదా? కుళ్ళాయప్పను ఇంజను స్టార్ట్ చెయ్యమన్నాను. లైటు వెలిగింది. అందినట్టే అని రాసుకుని, అతని చేత సాక్షి సంతకం పెట్టించాను.

సంజాయిషీకి పదిహేను రోజులు గడువిచ్చాం. సెన్సార్ నుంచి లిఖితపూర్వకంగా ఏమీ రాలేదు. పైగా ప్రతి పొద్దునా అదే లైటు వెలిగించి అదే ఆరోపణ చేస్తూ వచ్చింది. పదహారో రోజున దాన్ని సస్పెండ్ చేశాం.

ట్యాంకర్‌ను కాదు, సెన్సార్‌ను మాత్రమే. ఈ తేడాను మేనేజర్ గారు ఫైలులో రెండు పేజీల్లో వివరించారు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి సగం జీతం జీవనభృతిగా ఇస్తాం గనక, నీలం మూత ట్యాంకులో ఇకమీదట సగానికి మించి పొయ్యకూడదని ఉత్తర్వు ఇచ్చారు.

"సగం పోసినా, నిండా పోసినా లోపల చెడిన నీళ్ళు అట్లనే ఉంటాయి గదా సార్," అన్నాడు కుళ్ళాయప్ప.

"నీవు విచారణలోనున్న అంశముపై వ్యాఖ్యానించుచున్నావు," అన్నారు మేనేజర్ గారు.

సస్పెండయిన ఉద్యోగి హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్ళకూడదు. సున్నపుగుట్ట ఊరి హద్దులోనే ఉంది గనక నిబంధన ఏమీ అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది గుట్టే. ట్యాంకర్ నిండా నీళ్ళతో మొదటి మలుపు దాకా మూలుగుతూ ఎక్కి, అక్కడ ఆగిపోయి, వెనక్కి జారేది. కుళ్ళాయప్ప రెండు రోజులు ప్రయత్నించి, మూడో రోజు నుంచి గుట్ట కిందనే ఆపడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని దిగి, నింపుకుని ఎక్కేవాళ్ళు. మే నెల వచ్చేసింది.

గుట్ట మీది నుంచి ఓబుళమ్మ అనే ఆవిడ ట్యాంకర్ రావడం లేదని అర్జీ పెట్టింది. అర్జీ పెట్టింది గనక ఆమె ఫిర్యాదుదారు. ఫిర్యాదుదారు గనక సాక్షి. సాక్షికి సమన్లు ఇవ్వాలి. కేసులో ఆఫీసు తరఫున వాదించే బాధ్యత నాకే అప్పగించారు గనక ఆ సమన్లు పట్టుకుని నేనే బయల్దేరాను.

ఆ గుట్ట నేను అంతకుముందు మ్యాపులో తప్ప చూడలేదు. మ్యాపులో చాలా చిన్నది. పదకొండు గంటల ఎండలో ఎక్కుతూ సగంలోనే రెండుసార్లు కూలబడ్డాను. పైకి చేరేసరికి నోట తడి లేదు. మొదటి ఇంటి వసారాలో కూర్చున్న ముసలావిడ నన్ను చూసి గబుక్కున లేచింది.

"ఎవరప్పా నువ్వు? మొగమంతా కమిలిపోయిండాది. కూసో, కూసో."

లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఎత్తిన చెంబు దించకుండా తాగేశాను. తాగాక చూస్తే వసారాలో బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. పక్కింట్లోనూ అంతే.

"మీకు ఉన్నాయా అమ్మా?" అన్నాను.

"ఉన్న్యాయిలే. పొద్దు వాలినాక దిగిపోయి ఇంగో బిందె తెచ్చుకుంటా. మోకాళ్ళు నా మాట ఇంటే," అని నవ్వింది. ఆమే ఓబుళమ్మ.

నాకు సిగ్గేసింది. ఆఫీసు పని మీద బయటికి వెళ్ళి సిగ్గుపడటం నా సర్వీసులో అదే మొదటిసారి. దాన్ని టూర్ రిపోర్టులో ఏ కాలమ్‌లో చూపాలో తెలియక వదిలేశాను. సమన్ల మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నాను.

"ఏంది నాయనా ఇది?"

"విచారణకు రమ్మని."

"ఎవరి మీద?"

"లైటు మీద."

ఆవిడ నా వైపు కాసేపు జాలిగా చూసింది. "ఎండకు తిరగొద్దు నాయనా. ఇంటికి పోయి మజ్జిగ తాగి పడుకో," అంది.

విచారణ ఆఫీసు ఆవరణలో జరిగింది. నిందిత సెన్సార్ మెట్లెక్కి పైకి రాలేదు గనక బల్ల, కుర్చీలు, ఫ్యాను కిందికి దింపించి ట్యాంకర్ ముందు వేయించాం. విచారణాధికారి మేనేజర్ గారే. సెన్సార్ తరఫున మాట్లాడే డిఫెన్స్ అసిస్టెంటుగా కుళ్ళాయప్పను నియమించాం. కమిషనర్ గారు పరిశీలకులుగా వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు.

"సదరు సెన్సార్! ద్రవము చెడినదని నీవు చేసిన ఆరోపణను ఉపసంహరించుకొనుచున్నావా?" అని మేనేజర్ గారు గట్టిగా అడిగారు. కుళ్ళాయప్ప తాళం తిప్పాడు. లైటు వెలిగింది. ఇంకోసారి ఆలోచించుకోమని పది నిమిషాలు వ్యవధి ఇచ్చి మళ్ళీ అడిగారు. వెలిగింది. నాలుగోసారి కూడా వెలిగాక మేనేజర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ముప్పది సంవత్సరములలో ఎన్నో విచారణలు చేసితిని. మొదటి మాటకు, చివరి మాటకు ఇంతగా పొంతన ఉన్నవారిని చూడలేదు," అని నా చెవిలో అన్నారు.

తర్వాత నా వంతు. ఉద్యోగంలో చేరిన రోజున సెన్సార్ ఆరోగ్యంగా ఉందనీ, కావాలనే తర్వాత లైటు వెలిగిస్తోందనీ నిరూపించాలి. దానికి నేను బాగా ఆలోచించి ఒక సాక్ష్యం సిద్ధం చేసుకున్నాను. కమిషనర్ గారి గదిలోని ఫోటో. ఇద్దరు ప్యూన్లు దాన్ని మోసుకొచ్చి బల్లకు ఆనించారు. కమిషనర్ గారు సంతోషంగా కుర్చీలో ముందుకు జరిగారు.

"ఈ ఫోటో తీసిన రోజు మీరు అక్కడ ఉన్నారా?" అని సాక్షి ఓబుళమ్మను అడిగాను.

"ఉండా. ఇదో, ఈ బిందె పట్టుకున్న్యేది నేనే." ఆవిడ ఫోటో దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. "ఈ సారు కొబ్బరినీళ్ళు పోస్తాండాడు సూడు. ఆ నీలం మూత తీసి అందులోకే పోసినాడు. నల్ల మూత ఫోటోలో బాగా పడదు సార్, నీలందాంట్లో పొయ్యండి అని ఆ ఫోటోలు తీసేటోడు అన్న్యాడు. ఒక చిప్ప చాలక రెండో కాయ గూడా కొట్టి పోసినారు. పాపం ఈ కుళ్ళాయప్ప వద్దు సార్, వద్దు సార్ అని చెయ్యి అడ్డం పెట్న్యాడు గానీ, బ్యాండోళ్ళ మోతలో ఎవురికి ఇనపడతాది?"

ఇంజను ఆడుతోంది. లైటు వెలుగుతోంది. మేమందరం ఫోటోలో చాచి ఉన్న ఆ చేతిని చూశాం. కుళ్ళాయప్ప మాత్రం నేల చూపులు చూస్తున్నాడు. జూన్ రెన్యువల్‌కు ఇంకా మూడు వారాలే ఉంది.

"నీళ్ళు వంచేసి కడిగితే అయిపాయ గదా నాయనా," అంది ఓబుళమ్మ మేనేజర్ గారితో. "దీనికి ఇంతమంది కూచోవాల్నా?"

మేనేజర్ గారు కమిషనర్ గారి మొహం చూసి, సర్క్యులర్ల బైండు తిరగేసి, గొంతు సవరించుకున్నారు. "పై అధికారి చేతుల మీదుగా ప్రవేశించిన ద్రవమును చెడిన ద్రవముగా నివేదించుట నాలుగవ అభియోగముగా చేర్చడమైనది. విచారణ రెండు వారములకు వాయిదా," అని లేచారు.

ఫోటో మళ్ళీ గోడెక్కింది. అందరూ వెళ్ళిపోయాక కుళ్ళాయప్ప నా దగ్గరికొచ్చాడు.

"సార్, నేనే కడిగేస్తా. కడగమంటారా?"

"ఆర్డరు లేనిదే కడగమని నేను అనలేను," అన్నాను. అని ఫైళ్ళు సర్దుకుంటుంటే ఆ చెంబు గుర్తొచ్చింది. "కడగొద్దని కూడా ఆర్డరేమీ లేదులే," అన్నాను.

నిజంగానే అర్ధగంట పట్టింది. ట్యాంకు విప్పి వంచితే నీళ్ళు తెల్లగా, పుల్లటి వాసనతో వచ్చాయి. మూడుసార్లు కడిగి, ఆరబెట్టి, కొత్త క్యాను పోసి, ఊరి చుట్టూ రెండు చుట్లు తిప్పుకొచ్చాడు. రెండో చుట్టులో లైటు ఆరిపోయింది. మర్నాడు పొద్దున ఆఫీసు వరండాలో నిలబడి చూస్తే, ట్యాంకర్ మొదటి మలుపు దాటి, రెండోది దాటి, సున్నపుగుట్ట మీదికి ఎక్కేసింది. పైన ఆడవాళ్ళు బిందెలు మోగించిన చప్పుడు మా దాకా వినిపించింది. నాకు చాలా సంతోషం వేసింది.

ఆ సంతోషం పదిన్నర దాకానే. మేనేజర్ గారు సెన్సార్ హాజరు వేసుకోవడానికి, ట్రిప్పు ముగించి వచ్చిన ట్యాంకర్ దగ్గరికి వెళ్ళి, లైటు వెలగకపోవడం చూసి, పరుగున వచ్చారు.

"నిందిత సెన్సార్ పరారీలో నున్నది!"

లోపం ఉందని చెప్పే లైటే లేకపోతే ఎవరిని విచారించాలి? నాలుగు అభియోగాలూ ఎవరి మీద రుజువు చెయ్యాలి? విచారణ మధ్యలో నిందితుడు నిర్దోషిలా కనపడితే ఆఫీసు పరువేం కావాలి? పైగా కడగడం వల్ల లైటు ఆరిందంటే, కడగక ముందు లోపల ఏదో ఉన్నట్టే కదా. ఆ ఏదో ఎక్కడి నుంచి వచ్చిందో ఫోటోలో ఉంది. కమిషనర్ గారు మధ్యాహ్నం దాకా తలుపేసుకుని ఆలోచించి, సాయంత్రానికి ఉత్తర్వు ఇచ్చారు.

"విచారణ ముగియువరకు లైటును యథాస్థితికి తీసుకురావలెను. అందు నిమిత్తము, అదే ద్రవమును, అదే చేతుల మీదుగా, అదే మూత ద్వారా తిరిగి పోయవలెను. నేరము రుజువైన పిదప ఆర్పివేయవచ్చును."

ముహూర్తం సోమవారానికి పెట్టారు. బ్యాండు వాళ్ళకు కబురెళ్ళింది. వివరమైన ప్రొసీడింగ్స్ తయారుచేసి పెట్టమని ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. కుళ్ళాయప్ప గుమ్మం దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నాడు.

ఇరవయ్యారేళ్ళలో నేను నేర్చుకున్న విద్య ఒక్కటే. దాన్ని మొదటిసారి ఒక పనికొచ్చే పనికి వాడాను. ఫైలులో ఇలా రాశాను: "యథాస్థితి అనగా యథాతథముగా ఉండవలెను. ప్రారంభోత్సవమున ఉపయోగించిన కొబ్బరికాయలు ముదురువా, లేతవా అన్నది రికార్డులలో లేదు. తేడా వచ్చినచో వెలుగు లైటు పాత లైటు కాజాలదు. కావున స్పష్టత కోరవచ్చును."

"మంచి పాయింటు వామనమూర్తీ!" అని మేనేజర్ గారు నా భుజం తట్టారు.

సోమవారం ముహూర్తం వాయిదా వేసి ఉద్యానశాఖకు రాశాం. వాళ్ళు నెల తర్వాత, కాయ చూడకుండా చెప్పలేం, చిప్పలు పంపమన్నారు. ఆ చిప్పలు ఎక్కడ పారేశారో వెతకమని మా శానిటేషన్ సెక్షన్‌కు రాశాం. వాళ్ళు ప్రారంభోత్సవం రోజు డ్యూటీలో ఎవరున్నారో చెప్పమని మాకే రాశారు. ఈ ఉత్తరాల మధ్యలోనే జూన్ వచ్చింది. విచారణ నడుస్తుండగా డిఫెన్స్ అసిస్టెంటును తొలగించరాదని నేనొక నోటు పెడితే, కుళ్ళాయప్పకు రెన్యువల్ కూడా అయిపోయింది. ఇప్పుడు నవంబరు. ప్రతి ఉత్తరం నా బల్ల మీద ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ రోజులే ఉంటోంది. ట్యాంకర్ రోజూ రెండు ట్రిప్పులూ గుట్టెక్కుతోంది.

నిన్న మేనేజర్ గారు నా బల్ల దగ్గర ఆగారు.

"ఏమయ్యా వామనమూర్తీ, ఈ ఫైలు మరీ ఇంత నెమ్మదిగా పోవుచున్నదేమి?"

కిటికీలోంచి ట్యాంకర్ రెండో మలుపు ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎంత తొక్కినా ఇరవై దాటడం లేదు సార్," అన్నాను.

ఆయన ఎక్కడైనా లైటు వెలుగుతోందేమోనని నా మొహంలోకి కాసేపు పరీక్షగా చూసి, బైండు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.